ఏడాదికో చుట్టు

షాపు తలుపు తీయగానే మిషన్లాయన మొదట నూనెడబ్బా మూతి తుడుస్తాడు, తర్వాత రేడియో పెడతాడు, ఆ తర్వాతే కళ్ళజోడు వెతుక్కుంటాడు. అది దొరికేసరికి ఎవరో ఒకరు కుట్టుమిషన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కుతూ ఉంటారు. "దారం తెగిపోతోందండీ" అంటారు. మిషన్ ఏ జబ్బుతో వచ్చినా తెచ్చినవాళ్ళు చెప్పేది అదొక్కటే. ఆయన చక్రం చేత్తో రెండుసార్లు తిప్పి, తల పక్కకి వంచి విని, "దారం పాపం ఏం చేసిందమ్మా, షటిల్లో పీచు చేరింది" అంటాడు. ఆయన వైద్యమంతా చెవితోనే.

ఆ చెవి ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన ఒక బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. నలుగురి బ్యాండు అది. పెద్దన్నయ్య గిటారు, పక్కింటి పొడుగాయన బేస్ గిటారు, చెల్లెలు కీబోర్డు. కీబోర్డంటే చంకలో పెట్టుకుపోయేది కాదు, మూతబడ్డ సినిమాహాల్లోంచి తెచ్చిన పాత ఆర్గన్. దాన్ని ఇంట్లోకి చేర్చడానికి ఆరుగురు మనుషులు పట్టారు, వీధి తలుపు ఊడదీయాల్సి వచ్చింది. వెనకగదిలో పెట్టి, గోడల నిండా గుడ్ల అట్టలు అంటించారు. బ్యాండుకి ఏ పేరు పెట్టాలా అని ఆరునెలలు కొట్టుకున్నారు. ఈలోగా ఎవరొచ్చి అడిగినా వాళ్ళమ్మ "వెనకగదిలో ఉన్నారు" అనడంతో అదే పేరైపోయింది.

నలుగురిలో ఎవరి గొంతూ పాటకి పనికొచ్చేది కాదు. పెద్దన్నయ్యది బొంగురు, పొడుగాయనది పీల, చెల్లెలికి పాడమంటే నవ్వొచ్చేది, ఇక మిషన్లాయన నోరు తెరిస్తే వాళ్ళమ్మ కిటికీ మూసేది. అందుకని మాటల జోలికి పోలేదు. వాయించడమే. పదేసి, ఇరవయ్యేసి నిమిషాలు. ఒకే దాంట్లో నాలుగు రకాల నడకలు, మధ్యలో పెంకులెగిరిపోయేంత హోరు, ఉన్నట్టుండి అంతా ఆగి ఒక్క తీగ. మాటల్లేనివాటికి పేర్లెందుకని ఒకటో ముక్క, రెండో ముక్క, మూడో ముక్క అని ఊరుకున్నారు. "ఇది వింటూ చిందెయ్యలేం, నిద్రా పోలేం. మరెందుకురా?" అనేవాడు వాళ్ళ నాన్న. అంటూనే ఆ గది గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు.

వాళ్ళ రికార్డు మూడొందల కాపీలు అచ్చయింది. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. ఒకటో ముక్క, రెండో ముక్క ఒక వైపు. రెండో వైపంతా మూడో ముక్కే. అచ్చయిన ఏడాది ఆ ముక్క నిడివి పంతొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. మరుసటేడు పంతొమ్మిది నిమిషాల ఇరవై నాలుగు. ఆ తర్వాతేడు ఇరవై ఎనిమిది. అలా ఏడాదికి నాలుగేసి సెకన్లు పెరుగుతూ వచ్చింది. ఎవరింట్లో ఉన్న కాపీ అయినా అంతే. పిల్లలు పెరుగుతారు, గోళ్ళు పెరుగుతాయి, మూడో ముక్క కూడా పెరుగుతుంది అనుకున్నారు జనం.

ఎక్కడ పెరుగుతోందో కూడా అందరికీ తెలుసు. తొమ్మిదో నిమిషంలో హోరు ఆగి, గిటారూ బేసూ డ్రమ్సూ ఏడు దెబ్బల చుట్టు ఒకటి పట్టుకుని తిరుగుతుంటాయి. చెల్లెలు వచ్చి కలవాలి. ఆమె రాదు. చుట్టు మళ్ళీ తిరుగుతుంది. ఏటేటా ఆమె ఇంకో చుట్టు ఆలస్యంగా వస్తోంది. ఒక చుట్టంటే నాలుగు సెకన్లు.

రేడియో స్టేషన్లో శనివారం మధ్యాహ్నం రెండింటికి ఊరివాళ్ళ రికార్డులు వేస్తారు. వాళ్ళ దగ్గరున్నవి యాభై రెండు, కాబట్టి ఏడాదికోసారి ఒక్కోదాని వంతు వస్తుంది. మూడో ముక్క వంతు వచ్చిన శనివారం ఇబ్బందంతా వాతావరణం చదివే ఆయనకి. పెరిగిన సెకన్లు ఆయన సమయంలోంచే కోస్తారు. మొదట్లో మూడు నిమిషాలు గాలివేగం, తేమ, మబ్బులు అన్నీ వర్ణించి చదివేవాడు. తేమ పోయింది, గాలి పోయింది, మబ్బులూ పోయాయి. నిరుడు "వాన రావచ్చు" అని లేచిపోయాడు. ఆయనకి చెల్లెలి మీద కోపమేం లేదు గాని, దారిలో కనిపిస్తే మాత్రం ఒక మాట వేస్తాడు.

ఒక్క ఆయనేమిటి, ఊరంతా వేస్తుంది. చెల్లెలికి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. "ఆలస్యం అక్క" అంటే తెలియనివాళ్ళు లేరు. "ఆలస్యం అమృతం విషం" అని ఆమెకి కనీసం వెయ్యిమంది చెప్పి ఉంటారు, ప్రతివాడూ తనే మొదటిసారి చెప్తున్నట్టు. ఆమె నవ్వుతుంది.

ఆ నవ్వు చూసినప్పుడల్లా మిషన్లాయనకి తేలు కుట్టినట్టుంటుంది. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా.

జరిగింది ఇదీ. ఏడు దెబ్బల లెక్క కుదరక నలుగురూ తన్నుకుంటున్న రోజుల్లో, వంటింట్లోంచి వాళ్ళమ్మ షాపు నుంచి ఏం తేవాలో కేకేసింది: "మిరప, ఉప్పు, పప్పు!" చెల్లెలు ఎగిరి గంతేసింది. "అన్నయ్యా, మూడు, రెండు, రెండు. ఏడు!" అప్పట్నుంచి వాళ్ళ లెక్క అదే. మి-ర-ప, ఉ-ప్పు, ప-ప్పు. అందరికంటే ముందు ఆ లెక్క రక్తంలోకి ఎక్కింది ఆమెకే. వేళ్ళు వేరే పని చేస్తుంటే, పెదాలు కదలకుండానే ఆమె లోపల మిరప ఉప్పు పప్పు తిరుగుతూ ఉండేది. ఇంట్లో మెట్లు దిగినా ఆ నడకే దిగేది. ఆ రోజుల్లో ఆమె ఎంత ధీమాగా ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్తే నమ్మరు.

రికార్డింగుకి స్టూడియో సాయంత్రం ఆరింటిదాకా ఇచ్చారు. మూడో ముక్కకి వచ్చేసరికి అయిదున్నర. ఆర్గన్ ఆ గదిలో పట్టక పక్కగదిలో పెట్టారు. మధ్య తలుపు వేసేశారు. చెల్లెలికి ఎవరి మొహమూ కనపడదు, చెవులకి పెట్టుకున్న దాంట్లోంచి వినిపించేదే దిక్కు. ఒప్పందం ఏమిటంటే, చుట్టు ఎనిమిదిసార్లు తిరిగాక మిషన్లాయన డ్రమ్స్ పక్కనున్న పెద్ద ఇత్తడి తాళం బొడ్డు మీద టంగుమని ఒక్క దెబ్బ కొట్టాలి. దాన్ని గంట అనేవాళ్ళు. "గంట వింటేనే రా. గంట లేకుండా రావద్దు" అని పెద్దన్నయ్య వేలు చూపించి మరీ చెప్పాడు ఆమెకి.

ఎనిమిదో చుట్టులో మిషన్లాయనకి హుషారు పుట్టింది. అద్దం వెనక కూర్చున్న రికార్డింగాయన చూస్తున్నాడు కదా అని కుడిచేతి కర్రని గాల్లోకి ఎగరేశాడు. వెనకగదిలో వందసార్లు ఎగరేసి వందసార్లూ పట్టుకున్నాడు. ఈసారి అది వేళ్ళకి తగిలి, దొర్లుకుంటూ పోయి పెద్దన్నయ్య స్పీకరు కింద దూరింది. ఒక్క కర్రతో లయ నిలబెట్టుకోవడమే గగనమైపోయింది. గంట కొట్టలేదు. చుట్టు తొమ్మిదోసారి తిరిగింది, పదోసారి తిరిగింది. పన్నెండు తిరిగాక ఆర్గన్ వచ్చింది.

ముక్క పూర్తయింది. ఆరయింది. ఇంకోసారి వాయించే వీల్లేదు. పెద్దన్నయ్య గిటారు దించకుండానే మధ్య తలుపు తోసుకుని వెళ్ళాడు.

"నిద్రపోయావా? నాలుగు చుట్లు ఆలస్యం!"

"గంట వినిపించలేదన్నయ్యా."

"వినిపించకపోవడమేంటి? ఒరేయ్, గంట కొట్టావా లేదా?"

"కొట్టాను" అన్నాడు మిషన్లాయన.

ఆ ఒక్క మాటే. టేపు మళ్ళీ వేసుకుని వింటే గంట ఎక్కడా లేదు. "నా గిటారు కింద పడి నలిగిపోయుంటుంది" అని తేల్చేశాడు పెద్దన్నయ్య. ఆయన గిటారు కింద పడి నలిగిపోనిదంటూ ఈ లోకంలో ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. చెల్లెలు చిన్నన్నయ్య మొహం వంక చూసింది. చిన్నన్నయ్య అబద్ధం చెప్పడు. అయితే తప్పు తనదే. ఏడు దాకా లెక్కపెట్టడం తనకి రాలేదు.

తర్వాత రెండు కచేరీల్లో ఆమె తడబడింది. మూడోదానికి రానంది. ఆర్గన్ లేని వెనకగది ఎన్నాళ్ళు నడుస్తుంది, ఏడాది తిరక్కుండా ఆగిపోయింది. పెద్దన్నయ్య డ్రైవింగు స్కూలు పెట్టుకున్నాడు, పొడుగాయన పోస్టాఫీసులో చేరాడు. చెల్లెలికి బడిలో లెక్కల టీచరుగా పిలుపొస్తే వెళ్ళలేదు. "పిల్లల ముందు తప్పు చేస్తే?" అంది. ఇరవై ఏళ్ళుగా బజారు చివర మేకుల షాపులో పని చేస్తోంది. డజను బోల్టులడిగితే మూడుసార్లు లెక్కపెట్టి ఇస్తుంది. తాళం వేసి నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి లాగి చూస్తుంది. నలుగురు మాట్లాడుకుంటుంటే తన మాట అనబోయి, ఆగి, ఆ సంగతి దాటిపోయాక అంటుంది.

చెప్పేద్దామని మిషన్లాయన ఎన్నిసార్లు ఆ షాపుకి వెళ్ళాడో లెక్కలేదు. వెళ్తాడు, నిలబడతాడు, "ఏం కావాలి చిన్నన్నయ్యా?" అని ఆమె అడుగుతుంది, ఆయన మరమేకులు కొనుక్కుని తిరిగొస్తాడు. ఆయన షాపులో మూడు డబ్బాల నిండా మరమేకులున్నాయి. కుట్టుమిషన్లకి వాటిలో ఒక్కటీ పట్టదు.

ఈ ఏడు మూడో ముక్క వంతుకి రెండ్రోజుల ముందు, గురువారం, రేడియో స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. రికార్డుల నిడివి చూసే అమ్మాయి. ప్రతి ఏడూ వేసేముందు స్టాప్‌వాచీ పెట్టి కొలిచి, కవరు మీద పెన్సిలుతో రాసి, ఆయనకో మాట చెప్తుంది.

"ఇరవై ఒక్క నిమిషం నలభై నాలుగు సెకన్లు సార్."

"నాలుగు పెరిగిందన్నమాట. సరేనమ్మా."

"అది కాదు సార్. రికార్డు మధ్యలో గుండ్రటి కాగితం ఉంటుంది కదా, సూది దాని అంచుకి తాకుతోంది. ఇంక గోరంత జాగా కూడా లేదు. వచ్చే ఏడు ఆఖరి నాలుగు సెకన్లు కాగితం మీదికి పోతాయి. వినపడవు."

ఆయన చేతిలోని బాబిన్ జారి దారం వదులుకుంటూ నేల మీద దొర్లింది. ఆఖరి నాలుగు సెకన్లలో ఏముందో ఆయనకి తెలుసు. అందరూ ఆగిపోయాక చెల్లెలు ఒక్కతే వాయించే ఏడు స్వరాలు. రికార్డు మొత్తంలో ఆమె ఒక్కతే ఉన్న చోటు అదే.

సాయంత్రం ఇంటికెళితే భార్య ఇంకో కబురుతో ఎదురొచ్చింది. ఆవిడ సంచి దించకముందే కబురు దించే మనిషి.

"విన్నారా, మేకుల షాపు పెద్దాయనకి చూపు ఆనడం లేదట. షాపు మీ చెల్లెల్నే తీసుకుని నడపమంటున్నాడట. సోమవారం లోపు ఏ సంగతీ చెప్పమన్నాడట. లేకపోతే మూసేసి, ఆ చోటు సెల్‌ఫోన్లవాళ్ళకి ఇచ్చేస్తాడట. బస్టాండులో మీ అన్నయ్యగారు కనపడి చెప్పారు."

"మరి ఏమంటోంది?"

"ఏమంటుంది! 'నాకు లెక్క కుదరదు, నావల్ల కాదు' అంటోందట. ఇరవై ఏళ్ళు ఆ షాపుని ఒంటిచేత్తో మోసిన మనిషి! ఆ షాపులో ఏ డబ్బాలో ఏ సైజు ఉందో కళ్ళు మూసుకుని చెప్తుంది. ఇప్పుడు రోడ్డున పడుతుంది. ఇంత భయం ఎవరు పెట్టారో గాని ఆ పిల్లకి!"

మిషన్లాయన మంచం అంచున కూర్చున్నాడు. మొత్తం చెప్పేశాడు. కర్ర ఎగరేయడం దగ్గర్నుంచి కొట్టానని చెప్పడం దాకా. ఆవిడ కూరగాయలు తీసి పళ్ళెంలో పెడుతూ విన్నది.

"అదా సంగతి!" అంది చివరికి. "నిద్రలో 'కొట్టాను, కొట్టాను' అంటుంటారు. పెళ్ళయిన కొత్తలో ఎవర్ని కొట్టొచ్చారో అని హడలిపోయాను. రౌడీకి ఇచ్చి చేశారేమో అనుకున్నా."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాటేం కాదు" అంది ఆవిడ, పళ్ళెం పక్కన పెట్టి. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. నాకు చెప్తే ఏం లాభం? నేనేం బ్యాండులో ఉన్నానా? వెళ్ళి చెప్పాల్సిన చోట చెప్పండి."

శుక్రవారం వెళ్ళాడు. నిలబడ్డాడు. రెండు డజన్ల వాషర్లు కొనుక్కుని వచ్చాడు.

శనివారం రెండు కావస్తుండగా మళ్ళీ మేకుల షాపు మెట్లెక్కాడు. లోపల ఎప్పటిలా ఇనుము, గ్రీజు కలిసిన వాసన. గోడ పొడుగునా చెక్క సొరుగులు, ప్రతి సొరుగు మీదా లోపలున్న సైజు మేకు ఒకటి కట్టి ఉంది. చెల్లెలు త్రాసు పళ్ళెం తుడుస్తోంది. జుట్టు సగం నెరిసింది. ముఖం మాత్రం వాళ్ళమ్మది.

"ఏం కావాలి చిన్నన్నయ్యా?"

"ఏమీ వద్దు."

ఆమె గుడ్డ ఆపేసింది. "ఏమీ వద్దా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పెద్దాయన షాపు ఇస్తానన్నాడటగా?"

"ఆ. సోమవారం వద్దని చెప్పేస్తా. నేనెక్కడ, షాపెక్కడ. ఒక పక్క లెక్క తప్పితే ఇంకో పక్క ఇల్లు మునుగుతుంది. పెద్దన్నయ్య కూడా అదే అన్నాడు. 'ఏడు దాకా లెక్కపెట్టలేవు, నీకెందుకే' అన్నాడు." ఆమె నవ్వింది, అదే నవ్వు. "నిజమే కదా."

ఆయన నోరు తెరిచాడు. అప్పుడే వడ్రంగి ఒకతను లోపలికొచ్చి రెండంగుళాల మరమేకులు అరకిలో అడిగాడు. షెల్ఫు మీద రేడియోలో ఆడగొంతు చెప్పింది, ఇప్పుడు వెనకగది వారి మూడో ముక్క, నిడివి ఇరవై ఒక్క నిమిషం నలభై నాలుగు సెకన్లు. చెల్లెలు మాటలో మాటగా చెయ్యి చాచి రేడియో గొంతు తగ్గించబోయింది. ప్రతి ఏడూ ఆమె చేసే పని అది. ముప్పై ఆరేళ్ళలో ఆ ముక్క ఒక్కసారి కూడా వినలేదు.

"ఉంచవే" అన్నాడు మిషన్లాయన.

"నేను వినను. నీకు తెలుసుగా."

"తెలుసు. ఈ ఒక్కసారీ ఉంచు. నాకోసం."

ఆమె వింతగా చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. మూడో ముక్క మొదలైంది. పెద్దన్నయ్య గిటారు దూరం నుంచి రైలులా వచ్చింది, దాని కింద పొడుగాయన బేసు. ఇనపసామాను మధ్య, గుడ్ల అట్టల గది మొత్తం తిరిగొచ్చినట్టయింది ఆయనకి. ఆ గదిలో ఎప్పుడూ మాడిన వైరు వాసనొచ్చేది. చలికాలం ఆర్గన్ వెచ్చబడ్డాక నలుగురూ దాని చుట్టూ చేరి చేతులు కాచుకునేవాళ్ళు. వాళ్ళమ్మ మోచేత్తో తలుపు తోసి, నాలుగు గ్లాసులు ఒకే చేత్తో తెచ్చేది. గుమ్మం దగ్గర నాన్న పేపరు తిప్పిన చప్పుడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ గది ఉన్న ఇల్లూ లేదు. అదంతా ఈ కాస్త వాయిద్యంలోనే మిగిలి ఉంది. చెల్లెలు అటు తిరిగి మేకులు తూచుతోంది గాని, ఆమె మెడ మీది నరం లయకి అదురుతోంది.

"మీ ముక్కే కదక్కా!" అన్నాడు వడ్రంగి హుషారుగా. "ఈ ఏడూ ఆలస్యమేనా? ఆలస్యం అమృతం..."

"విషం" అని పూర్తి చేసింది ఆమె, నవ్వుతూ.

తొమ్మిదో నిమిషంలో హోరు ఆగింది. చుట్టు మొదలైంది. మిరప, ఉప్పు, పప్పు. ఒకటి. మిరప, ఉప్పు, పప్పు. రెండు.

"నేను గంట కొట్టలేదు" అన్నాడు మిషన్లాయన.

"ఏంటి?"

"ఆ రోజు గంట కొట్టలేదు. కర్ర ఎగరేశాను, పట్టుకోలేకపోయాను. అది స్పీకరు కిందకి పోయింది. పెద్దన్నయ్య అడిగితే కొట్టానన్నాను. అబద్ధం చెప్పానే. నీ తప్పేం లేదు. ఏ రోజూ లేదు."

త్రాసు ఒక పక్కకి ఒరిగి ఆగింది. వడ్రంగి నోరు సగం తెరుచుకుని ఉండిపోయాడు. చుట్టు తిరుగుతోంది. తొమ్మిది. పది. మిషన్లాయన లెక్క ఆపలేదు, ఆపడం ఆయన చేతిలో లేదు. నిరుడు నలభై ఏడు చుట్లు తిరిగింది, ఈ ఏడు నలభై ఎనిమిది తిరగాలి. పదకొండు. పన్నెండు.

ఆర్గన్ వచ్చింది.

షాపు నిండా, సొరుగుల్లో మేకులు సన్నగా అదిరేట్టు వచ్చింది. పదమూడో చుట్టు మొదటి దెబ్బ మీద, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా. చెల్లెలు త్రాసు గొలుసు పట్టుకుని నిలబడింది. వడ్రంగి టోపీ తీసి, మేకుల డబ్బా మీద కూర్చున్నాడు. ఆ తర్వాత పది నిమిషాలు ముగ్గురూ విన్నారు. చివర అందరూ ఆగిపోయి, ఆమె ఒక్కతే ఏడు స్వరాలు మెట్లు దిగినట్టు దిగింది. ఆ తర్వాత రేడియోలో వాతావరణం చదివే ఆయన కంగారుపడుతూ వచ్చి, వాన రావచ్చన్నాడు, ఆగాడు, కాగితాలు వెతికిన చప్పుడైంది, తేమ ఎంతో చెప్పడం మొదలుపెట్టాడు.

"గంట లేదు" అంది చెల్లెలు. ఆమె అన్నతో మాట్లాడుతున్నట్టు లేదు.

"లేదు."

"మరి నేను దేన్ని విని వచ్చాను?"

"దేన్నీ వినలేదే. నీ అంతట నువ్వే వచ్చావు. నేను కర్ర పోగొట్టుకున్నాను, పెద్దన్నయ్య బిక్కమొహం వేశాడు, పొడుగాయన కళ్ళు మూసుకున్నాడు. అవతలి గదిలో ఎవరి మొహమూ కనపడకుండా కూర్చుని నువ్వు వచ్చావు. నువ్వు రాకపోతే ఆ ముక్కే లేదు."

"సరిగ్గా ఒకటి మీద వచ్చాను."

"సరిగ్గా ఒకటి మీద."

ఆమె మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. అంత కోపం ఆమెలో ఉంటుందని ఆయన అనుకోలేదు.

"ముప్పై ఆరేళ్ళు! ముప్పై ఆరేళ్ళు నా ఇంటికొచ్చావు, నా చేతి అన్నం తిన్నావు. బడి ఉద్యోగానికి వెళ్ళనంటే పక్కనే కూర్చుని విన్నావు. ఊరంతా నన్ను ఆలస్యం అక్క అంటుంటే ఏం చేశావు? మరమేకులు కొన్నావు!"

"తప్పే."

"తప్పంటే సరిపోతుందా?"

"సరిపోదు" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు తీశాడు గాని, చేతికి నూనె ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

వడ్రంగి చప్పుడు కాకుండా లేచి, తన పొట్లం తనే కట్టుకుని, "వస్తానమ్మా" అన్నాడు. అక్కా అనలేదు. ఆమె అతని వంక చూడనే లేదు. కౌంటరు మీద ఫోను అందుకుని నంబరు తిప్పింది.

"పెద్దాయనగారూ, నేనేనండీ. షాపు సంగతి. సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్తున్నాను. నేను నడుపుతాను... అవునండీ, మొన్న నావల్ల కాదన్నాను. ఇవాళ తీసుకుంటానంటున్నాను... లెక్కా?" ఆమె సొరుగుల వంక చూసింది. "లెక్క నాకు బాగా వచ్చండీ. మొదట్నుంచీ బాగా వచ్చు."

ఫోను పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుని, అన్న ఇంకా అక్కడే ఉండడం చూసింది.

"ఇంకా నిలబడ్డావేం?"

"నీ కోపం తగ్గేదాకా ఉందామని."

"అయితే స్టూలు తెచ్చుకో. ఇప్పట్లో తగ్గదు."

ఆయన లోపలికెళ్ళి స్టూలు తెచ్చుకుని, సొరుగుల గోడకి ఆనుకుని కూర్చున్నాడు. షాపు కట్టే వేళ దాకా జనం వస్తూనే ఉన్నారు, ఆమె ఇస్తూనే ఉంది. ఆయనతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగింటికి టీ అతను గుమ్మంలో ఆగితే, తల ఎత్తకుండానే రెండు అని వేళ్ళు చూపించింది.